నలుగురిలో మాట్లాడలేను, రిస్క్ అంటే భయం. నేను వ్యాపారానికి పనికొస్తానా?

మీ ప్రశ్న చదివాను. వయసు ముప్పై నాలుగు, హైదరాబాద్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు ఖమ్మం వైపు. బాచుపల్లిలో ఒక షెడ్డు కిరాయికి తీసుకుని గానుగ నూనె యూనిట్ పెట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో ఏదో పర్సనాలిటీ టెస్ట్ రాస్తే మీరు అంతర్ముఖులు, వ్యాపారం మీకు సరిపడదు అని వచ్చింది. మీ మావయ్యగారు కూడా "వ్యాపారం చేసేవాళ్ల తీరే వేరు, అది రక్తంలో ఉండాలి" అన్నారు. నిజంగా అలాంటి తీరు ఒకటుందా, అది లేనివాళ్లు ఆగిపోవాల్సిందేనా, ఈ వయసులో ఆలస్యమైపోయిందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. అలాంటి ఒకే తీరు ఏదీ లేదు. తక్కువ మాట్లాడటం వ్యాపారానికి అడ్డం కాదు, రిస్క్ అంటే భయం ఉండటం ఇంకా అడ్డం కాదు, వయసు సంగతైతే అసలు ఆలోచించకండి. నేను చూసినంతలో నిలబడ్డవాళ్లకీ మునిగినవాళ్లకీ మధ్య అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది ఒకటే: చెడు కబురు వచ్చినప్పుడు మనిషి దానికి ఎదురెళ్లి లెక్క చూసుకుంటాడా, ముఖం చాటేస్తాడా. మిగతా గుణాలు దీని తర్వాతే. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానేయకండి, ఎందుకో కింద రాస్తాను.

నేనెవరినంటే, ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో చిన్న పరిశ్రమల లోన్లు చూస్తూ సర్వీసంతా గడిపి రిటైరైనవాణ్ణి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, మధ్యలో కొన్నాళ్లు రాణిగంజ్. ఇప్పుడు తెలిసిన సీఏ గారి ఆఫీసులో కూర్చుని ప్రాజెక్ట్ రిపోర్టులు చూసిపెడుతుంటాను. నేను సైకాలజీ డిగ్రీ ఉన్నవాణ్ణి కాను, కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని అంచనా వేయడమే మా ఉద్యోగం కాబట్టి ఆ శాస్త్రంవాళ్లు ఏమంటున్నారో కొంత చదువుకున్నాను. రెండూ కలిపి చెప్తాను.

ముందు మాటకారితనం. లోన్ కోసం వచ్చేవాళ్లలో మొదటి పది నిమిషాల్లో బ్రాంచి మొత్తాన్ని పడేసేది మాటకారులే. టేబుల్ మీద రెండు ఫోన్లు పెట్టి, ఫలానా ఎమ్మెల్యే మనకి బాగా కావాల్సినవాడు సార్, వచ్చే ఏడాదికి టర్నోవర్ నాలుగింతలు సార్ అని మొదలుపెడతారు. వాళ్లలో బాగుపడ్డవాళ్లూ ఉన్నారు, గల్లంతైనవాళ్లూ ఉన్నారు. మాట తీరు చూసి ఎవరు ఎటు పోతారో చెప్పడం మా సీనియర్లకి కూడా చేతకాలేదు.

పరిశోధన కూడా ఇదే చెప్తోంది. 2006లో జావో, సైబర్ట్ అనే ఇద్దరు, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి, సొంత వ్యాపారం పెట్టినవాళ్లనీ కంపెనీల్లో మేనేజర్లుగా ఉన్నవాళ్లనీ పోల్చి చూశారు. సైకాలజీలో వ్యక్తిత్వానికి ఐదు కొలతలు వాడతారు: కొత్తదాని మీద ఆసక్తి, పనిలో క్రమం, నలుగురిలో కలివిడితనం, ఎదుటివాళ్లతో సర్దుకుపోయే గుణం, చీటికీమాటికీ ఆందోళన పడే స్వభావం. వ్యాపారులు మొదటి రెండింట్లో మేనేజర్ల కన్నా కాస్త పైన ఉన్నారు, చివరి రెండింట్లో కాస్త కింద ఉన్నారు. కలివిడితనంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. ఇవన్నీ సగటులు, అవీ పెద్ద తేడాలు కావు, పైగా ఎవరు వ్యాపారంలోకి వస్తారో చెప్పేవే గానీ వచ్చాక ఎవరు నిలబడతారో ఖాయంగా చెప్పేవి కావు. అందుకే మీరు రాసిన టెస్ట్‌ని పట్టించుకోవద్దంటున్నాను. మనుషుల్ని పదహారు రకాలుగా విడగొట్టి చెప్పే ఆ టెస్టులు కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది.

ఇప్పుడు అసలు గుణం దగ్గరికి వస్తాను. బాలానగర్‌లో ఒకాయన ఉండేవాడు. సీఎన్‌సీ మిషన్ల మీద, అంటే కంప్యూటర్‌తో నడిచే కోత మిషన్ల మీద, పెద్ద కంపెనీలకి జాబ్ వర్క్ చేసేవాడు. మాట్లాడటమంటే ఆయనకి అదో పెద్ద పని. ఎదురుగా కూర్చుని, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసేవాడు. పాత డెలివరీ చలాన్ వెనకవైపు బాల్‌పెన్నుతో మూడు గళ్లు గీసి ఉండేవి. ఎవరి దగ్గర ఎంత రావాలి, వాళ్లు ఎప్పుడిస్తామన్నారు, తన లెక్కలో ఎప్పుడొస్తుంది. రెండో గడికీ మూడో గడికీ మధ్య ఎప్పుడూ నెలన్నర తేడా ఉండేది, నాకు ఆ కాగితంలో అన్నిటికన్నా నచ్చింది ఆ తేడానే. ఒకసారి ఒక పెద్ద పార్టీ దగ్గర ఇన్‌స్పెక్షన్‌లో ఈయన పంపిన లాట్ రిజెక్ట్ అయింది, పేమెంట్ ఆగింది. వాయిదా తేదీకి ఇంకా మూడు వారాల టైముంది. అప్పుడే ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. "సార్, ఈ నెల వాయిదా కట్టలేను. వచ్చే నెల సగం కడతా. రాత్రి షిఫ్టు ఖాళీగా ఉంది, పక్క షెడ్డువాళ్ల పని తెచ్చుకుంటున్నా, ఆ పై నెలకి సర్దుకుంటది." అంతే, తెప్పించిన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

దీని విలువ బ్యాంకు లోపల ఉన్నవాళ్లకే తెలుస్తుంది. వాయిదా తప్పిన మొదటి రోజు నుంచే ఖాతా మీద కన్ను పడుతుంది. ముప్పై రోజులు, అరవై రోజులు దాటేకొద్దీ హెచ్చరిక స్థాయి పెరుగుతుంది, తొంభై రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ ముద్ర పడకముందు వచ్చినవాడికి వాయిదాలు సర్దడమో, కొత్త బిల్లుల మీద లిమిట్ చూడటమో, ఏదో ఒక దారి మేనేజర్ చేతిలో ఉంటుంది. ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం పరిగెత్తుకుంటూ వస్తే చేయడానికి ఏమీ మిగలదు, ముద్ర వేసేది సిస్టమే.

దీనికి పూర్తిగా ఎదురు జీడిమెట్లలో ఇంకొకాయన. ప్లాస్టిక్ మౌల్డింగ్. చురుకైనవాడు, ధైర్యవంతుడు, పనివాళ్లకి ఆయనంటే ప్రాణం. లోన్‌కి హామీగా చూపిన స్టాక్ చూడటానికి వెళ్తే గోడౌన్ తాళంచెవి తమ్ముడి దగ్గరుందనేవాడు. తమ్ముడు ఎప్పుడూ షాపూర్‌నగర్‌లోనో చింతల్‌లోనో ఉండేవాడు, వచ్చేసరికి చీకటి పడేది. ఒకరోజు ఎలాగో తాళం తీయిస్తే ముందు వరస సంచుల్లో కొత్త గ్రాన్యూల్స్ నిండుగా ఉన్నాయి, వెనక వరసల్లో అంతా తుక్కు నలిపిన మాల్. ఆయన మోసగాడని నేననను. వచ్చే నెల ఆ పెద్ద ఆర్డర్ వస్తుంది, అప్పుడు అన్నీ సర్దేస్తాను, ఈలోపు ఎవరికీ తెలియకపోతే చాలు అనుకునే మనిషి. అలా అనుకుంటూనే బయట నూటికి నాలుగు వడ్డీకి తెచ్చి మా వాయిదా కట్టాడు. ఆ వడ్డీ కట్టలేకే యూనిట్ మూతపడింది, ఆర్డర్ లేక కాదు.

ఇద్దరి తెలివితేటలూ దాదాపు సమానమే, ధైర్యంలో రెండోవాడే ఒక మెట్టు పైన. సైకాలజీవాళ్లు దీనికి దగ్గరగా ఒక సంగతి చెప్తారు. జూలియన్ రోటర్ అనే అమెరికన్ 1966లో దీని మీద ఒక కొలత తయారుచేశాడు: తన జీవితంలో జరిగేవాటికి చాలావరకు తన పనులే కారణం అని మనిషి నమ్ముతాడా, అదృష్టమో పక్కవాళ్లో కారణం అని నమ్ముతాడా అని. మొదటి రకంవాళ్లు చెడు కబురుని కూడా తాము ఏదో ఒకటి చేయగలిగిన విషయంగా చూస్తారు, కాబట్టి దాని దగ్గరికి త్వరగా వెళ్తారు. రెండో రకంవాళ్లకి దాన్ని చూసి చేసేదేముంది, చూడకపోతే కనీసం ఆ పూట నిద్ర పడుతుంది కదా అనిపిస్తుంది. అలాగని దేవుణ్ణీ జాతకాన్నీ నమ్మేవాళ్లంతా రెండో రకం అనుకోకండి. ఆ సీఎన్‌సీ ఆయన కూడా మిషన్ దించాలంటే ముహూర్తం చూసేవాడు, చెర్వుగట్టుకి మొక్కుకునేవాడు. మొక్కు మొక్కుకుని కాగితం కూడా రాసుకునేవాడు, అదీ తేడా.

ఇక "రక్తంలో ఉండాలి" అన్న మీ మావయ్యగారి మాట. దీనికి జవాబు అరవై ఏళ్ల కిందట మన హైదరాబాద్‌లోనే దొరికింది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. హార్వర్డ్‌లో పనిచేసే డేవిడ్ మెక్‌క్లెలాండ్, ఏదో ఒకటి సాధించి చూపాలనే తపన మనుషుల్లో ఎలా పుడుతుందనేది చదివేవాడు. ఆ తపన పెద్దయ్యాక కూడా నేర్పవచ్చా అని చూడటానికి 1964లో కాకినాడ నుంచి 52 మంది వ్యాపారుల్నీ చిన్న పరిశ్రమలవాళ్లనీ ఎంచుకున్నారు. శిక్షణ ఇచ్చింది హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలవాళ్లకి పాఠాలు చెప్పే సియెట్ సంస్థలో, ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న ని-ఎంఎస్‌ఎంఈ అదే. అక్కడ నేర్పింది అకౌంట్లో మార్కెటింగో కాదు. లక్ష్యం ఎంత దూరంలో పెట్టుకోవాలి, ఫలితాన్ని ఎలా కొలుచుకోవాలి, తన గురించి తాను ఏమనుకుంటున్నాడు, ఇలాంటివి. తర్వాత రెండేళ్లు గమనిస్తే, శిక్షణ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కన్నా ఎక్కువ కదిలారు: కొత్త పెట్టుబడులు పెట్టారు, కొత్తగా పనివాళ్లని పెట్టుకున్నారు. కులం, సంప్రదాయం, పాత నమ్మకాలు అడ్డొస్తాయని అప్పట్లో పెద్ద పెద్దవాళ్లు అనుకునేవారు, కాకినాడలో అవి అంతగా అడ్డు రాలేదు.

ఈమధ్య కాలంలో ఆఫ్రికాలోని టోగోలో కూడా ఇలాంటిదే చేశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. 1500 చిన్న వ్యాపారాల్ని మూడు భాగాలు చేసి, కొందరికి మామూలు వ్యాపార పాఠాలు, కొందరికి ఎవరూ చెప్పకముందే చొరవ తీసుకోవడం, ముందుచూపు, అడ్డంకి వస్తే మళ్లీ ప్రయత్నించడం లాంటివి నేర్పారు. మిగిలినవాళ్లకి ఏ శిక్షణా లేదు. చొరవ నేర్చుకున్నవాళ్ల లాభాలు, శిక్షణ లేనివాళ్లతో పోలిస్తే, సుమారు 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాలవాళ్లకి కనిపించిన 11 శాతం పెరుగుదల గట్టిగా నమ్మదగినంతది కాదు. అంటే ఈ గుణాల్లో నేర్చుకోగలిగినవి చాలానే ఉన్నాయి, పుట్టుకతో రావాల్సిన పని లేదు.

రిస్క్ సంగతి. మెక్‌క్లెలాండ్ దగ్గరే ఇంకో చిన్న ఆట ఉంది. మన జాతర్లలో రింగులు విసిరే ఆట ఉంటుంది చూడండి, దాదాపు అదే. నేల మీద ఒక మేకు పాతి, ఎక్కడ నిలబడి విసురుతారో మీ ఇష్టం అంటారు. కొందరు మేకు పక్కనే నిలబడి వేసేస్తారు. కొందరు ఎక్కడో దూరం నుంచి విసిరి, పడితే పడింది అనుకుంటారు. సాధించాలనే తపన ఎక్కువ ఉన్నవాళ్లు మధ్యలో ఒక చోటు వెతుక్కుంటారు, కష్టపడితే పడుతుంది, పడకపోతే ఎందుకు పడలేదో తెలుస్తుంది, అలాంటి దూరంలో. మీకు భయమేస్తోందంటే మీరు దూరాన్ని చూస్తున్నారని అర్థం, అది మంచిదే. కాకపోతే భయపడి ఇంట్లో కూర్చోకుండా దూరం తగ్గించుకునే దారి వెతకాలి.

మన దేశం నుంచి వెళ్లి అమెరికాలో పాఠాలు చెప్పే సరస్ సరస్వతి అనే ప్రొఫెసర్, ఆరితేరిన వ్యాపారులు 27 మందిని కూర్చోబెట్టి వాళ్లు ఎలా ఆలోచిస్తారో వివరంగా రాసుకున్నారు. వాళ్లు ఎంత లాభం వస్తుంది అన్న లెక్కతో మొదలుపెట్టరట. ఎంత పోయినా నేను తట్టుకోగలను అన్న లెక్కతో మొదలుపెడతారట. బ్యాంకులో నేను దీన్ని ఇంకో రకంగా అడిగేవాణ్ణి: ఇది మొత్తం పోతే మీ ఇంట్లో ఏం మారుతుంది? పిల్లల స్కూలు మారుతుందా, ఇల్లు ఖాళీ చేయాలా, నాన్నగారి పొలం పోతుందా? టక్కున జవాబు చెప్పేవాళ్లు తక్కువ. భార్య పక్కన కూర్చుని ఉంటే ఆమె చెప్పేది, చాలాసార్లు భర్త చెప్పినదానికీ ఆమె చెప్పినదానికీ పొంతన ఉండేది కాదు. ఈ సైకాలజీ పరిశోధనలు ఒక్కో మనిషిని విడిగా కొలుస్తాయి గానీ, మన దగ్గర రిస్క్ తీసుకునేది ఇల్లు మొత్తం. మీ భార్య మీ ప్రశ్నలో ఎక్కడా కనపడలేదు, అది నాకు కాస్త అనుమానంగానే ఉంది.

ఆశావాదం గురించి అందరూ మంచిగా మాట్లాడతారు, నేను కాస్త తేడాగా మాట్లాడతాను. 1988లో కూపర్, ఆయన సహచరులు అమెరికాలో దాదాపు 3000 మంది కొత్త వ్యాపారుల్ని మీరు గెలిచే అవకాశం పదికి ఎంత అని అడిగారు. నూటికి 81 మంది ఏడుకి తక్కువ కాదన్నారు. మూడో వంతు మంది పదికి పది అన్నారు! అదే మీలాంటి వ్యాపారమే పెట్టిన ఇంకొకరి సంగతేంటి అంటే మాత్రం అంత నమ్మకంగా లేరు. ఆ ధీమా కొంత లేకపోతే ఎవరూ షట్టర్ ఎత్తరు, నిజమే. కానీ షట్టర్ ఎత్తాక కూడా అదే ధీమాతో గల్లాపెట్టె వైపు చూడకుండా ఉంటే ప్రమాదం. సత్యం కంప్యూటర్స్ సంగతి మన ఊళ్లో అందరికీ తెలుసు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో ఉన్నది కూడా ఇలాంటిదే, చిన్నగా మొదలైన తేడా ఏళ్లు గడిచేకొద్దీ పూడ్చలేనంత పెరిగిందని. 5,040 కోట్ల నగదు పుస్తకాల్లో ఉంది, బ్యాంకులో లేదు. తెలివికి గానీ కష్టపడే గుణానికి గానీ అక్కడ కొదవ ఏం లేదు కదా.

ఇప్పుడు మీరు అడగని గుణం ఒకటి చెప్తాను, మనవాళ్లకి ఇది చాలా ముఖ్యం. మొహమాటం. పైన చెప్పిన ఐదు కొలతల్లో సర్దుకుపోయే గుణం వ్యాపారుల్లో కాస్త తక్కువ అన్నాను కదా, అది మన దగ్గర కనపడేది ఉద్దెర దగ్గర. రాణిగంజ్‌లో పంపులు, వాటి సామాన్లు అమ్మే ఒకాయన ఉండేవాడు. గిరాకీకి లోటు లేదు, రేటు మంచిదే, కొట్టు ఎప్పుడూ కళకళలాడేది. కానీ బావమరిది స్నేహితుడు వచ్చి రెండు మోటార్లు తీసుకుని పండగకి ఇస్తా అన్నా అనేవాడు, ఈయన తల ఊపేవాడు. పండగకి అడగడానికి మళ్లీ మొహమాటం. ఏడాది చివర బ్యాలెన్స్ షీట్‌లో లాభం కనపడేది, ఖాతాలో మాత్రం చెక్కులు బౌన్స్. పుస్తకంలో లాభం ఉండి జేబులో డబ్బు లేక మూతపడ్డ కొట్లు నేను చూసినవాటిలో తక్కువేం కాదు. అలాగని దురుసుగా ఉండాలని కాదు. బేగంబజార్‌లో పాతకాలం సేట్లని చూడండి, ఎంత మర్యాదగా ఛాయ్ తాగించి, ఎంత నవ్వుతూ "పాత బాకీ క్లియర్ చేసి కొత్త మాల్ తీసుకెళ్లండి" అంటారో. మీలాంటి తక్కువ మాట్లాడేవాళ్లకి ఇక్కడ ఒక సదుపాయం కూడా ఉంది: నోటితో చెప్పలేనిది గోడ మీద బోర్డు చెప్తుంది, బిల్లు మీద గడువు తేదీ చెప్తుంది.

పట్టుదల గురించి. పట్టుదలకీ మొండితనానికీ తేడా ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతుంటారు. కేపీహెచ్‌బీలో కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ ముద్రా లోన్ కోసం మా దగ్గరికి వచ్చింది. ఆదాయం రుజువు ఏమైనా ఉందా అమ్మా అంటే సంచిలోంచి ఒక కట్ట తీసింది, రబ్బరు బ్యాండు వేసిన క్యాలెండర్ కాగితాలు, రోజుకొకటి చింపేవి. ఒక్కో కాగితం వెనక ఆ రోజు ఏ కూర ఎంత వండింది, రాత్రి ఎంత మిగిలింది. దొండకాయ వేపుడు సోమవారం మిగలదు, శనివారం మిగులుతుంది, అందుకని శనివారం సగమే చేస్తానని చెప్పింది. గోంగూర పప్పు ఎప్పుడూ మిగలదు, కానీ దాని మీద డబ్బు మిగిలేది కూడా ఏమీ లేదంది, నవ్వుతూ. 2020లో హాస్టళ్లు ఖాళీ అయి సాఫ్ట్‌వేర్ పిల్లలంతా ఊళ్లకి వెళ్లిపోయినప్పుడు ఆవిడ గిరాకీ దాదాపు సున్నా. ఆవిడ వంట మానలేదు, కొట్టు పట్టుకుని కూర్చోనూ లేదు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పిల్లలు అమెరికాలో ఉండి ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకి ఉప్పూ కారం తగ్గించి క్యారియర్లు పంపడం మొదలుపెట్టింది. ఏం అమ్ముతున్నాను అన్నది పట్టుకుంది, ఎవరికి అమ్ముతున్నాను అన్నది మార్చుకుంది. మొండివాళ్లు రెండూ పట్టుకుంటారు, తొందరపాటువాళ్లు రెండూ ఒకేసారి మార్చేస్తారు. ఆ క్యాలెండర్ కాగితాలంత మంచి స్టాక్ స్టేట్‌మెంట్ నా సర్వీసులో నాకు తక్కువ కనపడింది, ఆడిట్ చేసిన కంపెనీలతో కలిపి చెప్తున్నా.

వయసు, ఉద్యోగం. అమెరికాలో అన్నిటికన్నా వేగంగా ఎదిగిన కొత్త కంపెనీల్ని, వెయ్యికి ఒకటి లెక్కన తీసి చూస్తే, పెట్టిన రోజుకి వాటిని పెట్టినవాళ్ల సగటు వయసు 45. ఇది అజూలే అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు తేల్చిన లెక్క. మన దగ్గర చూస్తే అంజిరెడ్డి గారు బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి పని నేర్చుకుని, తర్వాత యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ కంపెనీలు చూసి, నలభై దాటాక 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. శాంతా బయోటెక్ వరప్రసాద రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1993లో కంపెనీ పెట్టి 1997కి హెపటైటిస్-బి టీకా తెచ్చారు, అప్పటికి ఆయన వయసూ నలభై దాటింది, ఆ రంగం ఆయన చదివిందీ కాదు. ఉద్యోగం చేస్తూనే పక్కన వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా దిగినవాళ్లకి, ఒక్కసారిగా ఉద్యోగం మానేసి దిగినవాళ్ల కన్నా మూతపడే అవకాశం 33 శాతం తక్కువ అని 2014లో రాఫీ, ఫెంగ్ చూపించారు. "పడవలు తగలబెట్టి దూకాలి" అని స్టేజీల మీద చెప్పేవాళ్లని చూసి చప్పట్లు కొట్టండి, కానీ రాజీనామా ఇవ్వకండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గుణాలన్నీ బాగుండి కూడా పోయినవాళ్లు ఉన్నారు. మెట్రో పనుల రోజుల్లో రోడ్డు సగం తవ్వి, కొట్టు ముందు ఏళ్ల తరబడి బారికేడ్లు పెడితే అమీర్‌పేట్ వైపు చిన్న కొట్లవాళ్లు ఏ వ్యక్తిత్వంతో నెట్టుకొస్తారు? లాక్‌డౌన్‌లో ఫంక్షన్ హాల్ డెకరేషన్ చేసేవాళ్లూ అంతే. ఇంకోటి, నేను చూసింది బ్యాంకు దాకా వచ్చినవాళ్లనే. ఆస్తో హామీయో లేక మా గుమ్మం ఎక్కనివాళ్లు, చిట్టీల మీదే లాక్కొచ్చినవాళ్లు నా లెక్కలో లేరు. అందుకే ఫలానా గుణం ఉంటే ఫలానా ఫలితం అని నేను రాసివ్వను, పేపర్లో గెలిచినవాళ్ల ఇంటర్వ్యూలు చదివి వాళ్లలా పొద్దున నాలుగింటికి లేవడం కూడా అనవసరం. అలా లేచినవాళ్లలో ఎంతమంది మునిగారో ఎవరూ ఇంటర్వ్యూ చేయరు.

ఇప్పుడు మీ గానుగ దగ్గరికి వద్దాం. షెడ్డు అడ్వాన్స్ ఇంకా కట్టలేదని రాశారు, మంచి పని చేశారు, ఆగండి. మిషన్ కొనకుండానే మొదలుపెట్టండి. పల్లీలు మీరు కొని, గానుగ ఉన్నవాళ్ల దగ్గర శనివారాలు కూలికి ఆడించుకోండి. వంద కిలోల పప్పు వేస్తే నూనె నలభై కిలోలకి అటూఇటూ వస్తుంది, పల్లీ రకాన్ని బట్టీ తేమను బట్టీ మారుతుంది. నూనె తీశాక మిగిలిన పిప్పి, అదే చెక్క, పశువుల దాణాకి పోతుంది. చాలామంది ప్రాజెక్ట్ రిపోర్టుల్లో చెక్క అమ్మకం ఒక్క లైన్‌లో రాసేస్తారు, లాభం చాలావరకు అక్కడే తేలుతుంది కాబట్టి కొనేవాడి పేరు, రేటు, ఎన్నాళ్లకి డబ్బిస్తాడు అనేది రాసుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార భద్రత సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ముందే చేయించండి. కొత్త చిన్న యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ పథకం సబ్సిడీ వస్తుంది కదా అని మాత్రం మొదలుపెట్టకండి. సబ్సిడీ కోసం యూనిట్ సైజు పెంచి ఇరుక్కున్నవాళ్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు.

అమ్మకానికి మీ ఆఫీసు గ్రూపూ, మీ అపార్ట్‌మెంట్ గ్రూపూ చాలు. మొదటి డబ్బా మొహమాటానికి కొంటారు, రెండోది బాగుందనో పాపమనో కొంటారు. మూడో డబ్బా మీరు అడగకుండా ఎవరు అడిగారో అది రాసుకోండి. తీసుకుని మళ్లీ అడగనివాళ్లకి ఫోన్ చేసి ఎందుకు ఆపేశారో అడగండి. రేటు ఎక్కువనో, వాసన వచ్చిందనో, మా అత్తగారికి నచ్చలేదనో ఏదో ఒకటి చెప్తారు. మీకు నలుగురిలో మాట్లాడటం కష్టమన్నారు కదా, ఇది ఒక్కరితో, ఫోన్‌లో. అయినా ఇదే అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది, ఆ ఫోన్ చేయకుండా ఉండటానికి మీ మనసు ఎన్ని పనులు కల్పిస్తుందో చూడండి. అవన్నీ పక్కనపెట్టి ఫోన్ చేయగలిగితే ఆన్‌లైన్ టెస్ట్ ఏం చెప్పినా నాకు అక్కర్లేదు.

కొత్త పల్లీ పంట మార్కెట్‌కి వచ్చే సీజన్ నుంచి మొదలుపెట్టి నాలుగైదు నెలలు ఇలా చేయండి. తర్వాత ఇక్కడే ఇవి రాయండి: కిలో నూనె మీకు పడ్డ ఖర్చు, మూడో డబ్బా అడిగినవాళ్ల లెక్క, చెక్క అమ్మిన రేటు, బయట మీకు రావాల్సిన ఉద్దెర, మొత్తం పోతే ఎంత పోవచ్చో మీరూ మీ భార్యా విడివిడిగా రాసుకున్న రెండు అంకెలు. అప్పుడు మిషన్ సైజు, లోన్ ఎంత తీసుకోవాలి, మార్జిన్ మనీ, అంటే మీ సొంత డబ్బు, ఎంత పెట్టాలి అన్నది కూర్చుని చూద్దాం.